నాగలి రోజు, మోట రోజు

“కాళ్ళు నా మాట ఇంటలేవవ్వా” అన్నది నా కూతురు రత్నమాల, నులక మంచంలో పడుకొని పైకప్పు వైపు చూస్తూ.

నా పై ప్రాణం పైనే పోయింది. వాతం అనుకున్నాను. పోలియో అనుకున్నాను. ఎవరి కన్నో తగిలిందనుకున్నాను. ఈ పొద్దుమీకే వేళ మాదాపూర్‌లో దవాఖానకు బండి ఎవరు కడతారని కూడా అనుకున్నాను. రెప్పపాటులో నాలుగు చావులు చూసే బుద్ధి నాది. నలభై ఏళ్ళుగా అదే బుద్ధి.

మైదానం నుంచి దాన్ని చెరో రెక్కా పట్టుకొని తెచ్చిన పిల్లలిద్దరూ గడప దగ్గర నిలబడి ఉన్నారు. అందులో పద్మావతి, కోస్తా నుంచి వచ్చిన ఓవర్సియరు గారి కూతురు, ఏడుపు ఆపుకుంటూ చెప్పింది.

“ఎవరూ ముట్టుకోలేదండీ పిన్నిగారూ. కూతకి వెళ్ళింది. అవతలి గీత దాటిందో లేదో, మోకాళ్ళ మీద కూలబడిపోయింది. రత్నమాల కూత మధ్యలో ఆగడం నేనెప్పుడూ చూళ్ళేదండీ.”

మా ఆయన చేతిలో పాలక్యాను అలాగే ఉంది. ఒకప్పుడు మా ఊరి కుస్తీల తాలీంలో వీరేశం పహిల్వాన్ అంటే రాతిగుండు ఎత్తే పందెంలో ఎదురు నిలిచినవాడు లేడు. ఇప్పుడు పొట్ట కొంచెం వచ్చింది గానీ గొంతు తగ్గలేదు.

“ఇగ అయిపోయింది. రేపటి సంది కబడ్డీ బంద్! ఆ ఆంధ్రా సారు నా బిడ్డను ఏం జేసిండో ఏమో.”

“నాయినా!” అని లేవబోయి, పెదవి కొరుక్కొని వెనక్కి వాలింది రత్నమాల. “ఐతారం ఇంక నాలుగొద్దులే ఉన్నది. మియాపూర్‌ల జిల్లా జట్టును ఎంచుతరు. ఆ ఒక్క దినం కోసమే గద అయిదు నెలల సంది సచ్చి బతుకుతున్న!”

ఆ మాట పూర్తి కాకముందే బయట సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది. రామబ్రహ్మం సార్. ఆడపిల్లల జట్టుకు ఆట నేర్పే డ్రిల్లు మాస్టారు. ఖాకీ నిక్కరు, మెడలో ఈల, చంకలో ఎప్పుడూ వదలని నోటుబుక్కు. గడప బయటే ఆగి చెప్పులు విప్పాడు.

“లోపలికి రావచ్చాండీ?”

“వచ్చి ఏం జూస్తవు సారూ? నువ్వు చేసిందే గద?” అన్నాడు మా ఆయన.

సార్ మంచం దగ్గరికి నడిచాడు. రత్నమాలతో అన్నాడు, “అమ్మాయ్, మెల్లగా లేచి ఆ అరుగు మెట్లు దిగు. అమ్మ చెయ్యి పట్టుకో.”

దిగింది. ముందుకు తిరిగి కాదు, పక్కకు తిరిగి, పీతలాగా. ఒక్కో మెట్టుకూ మోకాలు గజగజ వణికింది. సార్ ముఖం మారిపోయింది.

“వీరేశం గారూ, ఇవి నేను చెప్పిన పరుగుకి అలిసిన కాళ్ళు కావండీ. బరువులు మోసిన కాళ్ళు. ఇంట్లో ఏం చేయిస్తున్నారు ఈ పిల్ల చేత?”

“పరుగా?” మా ఆయన పాలక్యాను కింద పెట్టాడు. “ఏం పరుగు? తాలీం ఇంట్ల పుట్టిన పిల్లను ఉరికిస్తున్నవా నువ్వు? ఉరుకుడు కండను తింటదని తెల్వదా?”

“అంటే... బైఠకులంటూ గుంజీళ్ళు తీయిస్తున్నారా? గుండు ఎత్తిస్తున్నారా? ఎత్తితే ఒళ్ళు బిగిసిపోతుంది, కూత పోతుంది, పేరు కొట్టేస్తానని మొదటి రోజే చెప్పానే!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత, ఇద్దరూ ఒకేసారి, నన్ను చూశారు.

“సత్తెమ్మా, పిల్ల దినాం పొద్దుమీకంగ మీ చెల్లె రుక్కమ్మ ఇంటికి పాలు ఇచ్చొస్తున్నదన్నవ్ గద?”

“ఇంట్లో పేడ తీయడం తప్ప ఇంకే పనీ లేదన్నారు కదమ్మా నాతో?”

కొట్టంలో బర్రె నెమరు వేస్తున్న చప్పుడు వినిపించింది.

ఏం చెప్పను? ఉరికితే మైదానానికి పంపనన్నాడు తండ్రి. గుండు ఎత్తితే జట్టులోంచి తీసేస్తానన్నాడు మాస్టారు. ఇద్దరిలో ఎవరికి నిజం చెప్పినా పిల్ల ఆట పోతుంది. “అవ్వా, నీ కాల్మొక్త, జర చెప్పకు” అని అది నా కొంగు పట్టుకుంది. భయపడి ఇద్దరికీ అబద్ధం చెప్పాను. ఒక అబద్ధం కాదు, అయిదు నెలల అబద్ధం.

“రెండూ చేసింది” అన్నాను గోడకు చెప్పినట్టు. “పొద్దుగాల నాయిన చెప్పినయి, పొద్దుమీకంగ సారు చెప్పినయి.”

“ఎన్ని?” అన్నారు ఇద్దరూ.

“మొదట్ల నూరు బైఠకులు. సారేమో కొండాపూర్ తొవ్వల సగం దాక ఉరకమన్నడు. ఇగ ఐతారం దగ్గరికొస్తున్నదని...” కొంగు కొస వేలికి చుట్టుకున్నాను. “పిల్ల మెల్లగయ్యిందని ఈయన అయిదు నూర్లు చేసిండు, మీదికెల్లి గుండు. పిల్ల మెల్లగయ్యిందని మీరు కొండాపూర్ చెరువు దాక పెంచిండ్రు. పదిహేను దినాలాయె.”

మా ఆయన తిట్టి ఉంటే బాగుండేది. కొట్టంలోకి పోయి, మాకు వీపు చూపించి, అప్పటికే శుభ్రంగా ఉన్న నేలను ఊడవడం మొదలుపెట్టాడు.

పిల్లలిద్దరినీ ఇంటికి పంపించి, సార్ అరుగు మీద కూర్చుని నోటుబుక్కు తెరిచాడు.

“మే నెలలో రత్నమాల కూత పందొమ్మిది సెకన్లు. ఆగస్టులో ముప్ఫై. ఇద్దరు పట్టుకున్నా గీత దాకా ఈడ్చుకొచ్చింది. ఇంత తొందరగా ఎదిగిన పిల్లని నా సర్వీసులో చూళ్ళేదని రాసుకున్నాను.” కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నా పరుగే అనుకున్నానమ్మా. గర్వపడ్డాను కూడా.”

కొట్టంలోంచి గొంతు వచ్చింది. “అది బైఠకుల మహిమ సారూ. నీ పరుగు గాదు.”

“అలాగా? మీ తాలీం కుర్రాళ్ళూ బైఠకులే తీస్తారు కదండీ. బోనాలప్పుడు మా ఆడపిల్లలతో ఆడినప్పుడు ఏమయిందో గుర్తుందా?”

మంచం మీంచి రత్నమాల కిసుక్కున నవ్వింది. “మూడో కూతకే నాలుకలు బయటపెట్టిండ్రు నాయినా. అందరికంటె ముందు తాలీం ఉస్తాదు కొడుకే కూసున్నడు.”

చీపురు చప్పుడు ఆగింది.

“మరి నీ ఉరికే పిల్లలు?” మా ఆయన కొట్టం గుంజకు ఆనుకొని నిలబడ్డాడు. “ఒక్కలు కాలు వట్టుకుంటె చాలు, గోడకు కొట్టిన పిడక లెక్క అతుక్కపోతరు. నేను చూడలేదనుకున్నవా? చింతచెట్టు సాటుకు నిలవడి దినాం చూస్తున్న.”

దినాం చూస్తున్నాడా! ఆడపిల్ల ఆటకు నేనేం వస్త అని ఆరు నెలల కింద అన్న మనిషి.

సార్ నెమ్మదిగా అన్నాడు, “అయితే నా పిల్లలకి దమ్ముంది, బలం లేదు. మీ కుర్రాళ్ళకి బలముంది, దమ్ము లేదు. రెండూ ఉన్నది ఈ పిల్ల ఒక్కదానికే. ఎందుకంటే రెండూ చేసింది ఇదొక్కతే.”

“మరి పడిపోయిందేంది?” అన్నాడు మా ఆయన. ఈసారి గొంతులో పోట్లాట లేదు. నిజంగానే అడిగాడు.

సార్‌ నోటుబుక్కులో వెతికాడు. “నాకూ తెలియదండీ” అన్నాడు. చదువుకున్న మనిషి తెలియదని ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడడం.

నేను నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. ఆట సంగతి నాకు తెలియదు. కానీ గోపన్‌పల్లిలో మా నాయినకు రెండెకరాల తరి పొలం, ఒక జత ఎడ్లు ఉండేవి. అవి గుర్తొచ్చాయి.

“నాగలికి కట్టిన ఎడ్లను అదే దినం మోటకు కడ్తరా ఎవలన్న?” అన్నాను.

ఇద్దరూ తల తిప్పారు.

“నాగలంటె భూమిని చీల్చుడు. బలం పని. మోటంటె నీళ్ళు తోడనీకి బావి గట్టు మీద పొద్దంత ముందుకూ ఎనుకకూ నడుసుడు. దమ్ము పని. మా నాయిన ఎడ్లు రెండూ చేసేటివి. గనీ నాగలి రోజు నాగలే, మోట రోజు మోటే. నడుమ ఒక దినం వాటిని ఇడిసిపెట్టేటోడు. ఒకసారి మా చిన్నాయిన తొందరవడి పొద్దుగాల దున్ని, పొద్దుమీకంగ మోట తోలిండు. మూడో దినం ఎద్దు మోకాళ్ళ మీద కూసున్నది. గిట్లనే. అచ్చం గిట్లనే.”

చెప్పిన తర్వాత నాకే భయమేసింది, పెద్దమనుషుల ముందు ఎడ్ల ముచ్చట ఏంటని.

రామబ్రహ్మం సార్ నోటుబుక్కులో కొత్త పేజీ తెరిచి, పెన్సిలు తడుపుకొని, “మళ్ళీ చెప్పండమ్మా” అన్నాడు.

*

గడపకు పూసే జాజు గిన్నెలో ఇంకా మిగిలి ఉంది. కొట్టం గోడ మీద ఆ ఎర్రమట్టితోనే గీశాను. వారానికి ఏడు గడులు. నాగలి బొమ్మ వేసిన గడిలో బైఠకులు, గుండు. మోట గిరక వేసిన గడిలో పరుగు. ఏమీ వేయని గడిలో ఏమీ లేదు.

“నాగలి రోజు అయిదు నూర్లెందుకు?” అని మా ఆయన తన లెక్క తనే దిద్దుకున్నాడు. “బరువైన గుండు, కొన్నిసార్లే ఎత్తాలె. మీద సేరు పాలు, కడుపునిండ నిద్ర.”

“మోట రోజు కొండాపూర్ కూడా ఎందుకండీ” అన్నాడు సార్. “కబడ్డీలో ఎవరూ కొండాపూర్ దాకా పరిగెత్తరు. ఆ వెనక బండరాళ్ళ గుట్ట ఉందిగా. ఒక కూతంతసేపు పైకి ఉరకడం, నడిచి దిగడం. అంతే.”

“దిగినంక మజ్జిగ తాగాలె.”

“మజ్జిగ మంచిదేనండీ.”

ఒక గంట కింద ఒకరి గొంతు ఒకరు పట్టుకునేవాళ్ళు, ఇప్పుడు గోడ ముందు రెండు తలలూ ఒకటే దీపం కింద. ఒకాయనకు ముప్ఫై ఏళ్ళ తాలీం, ఇంకొకాయనకు ఇరవై ఏళ్ళ సర్వీసు. ఇద్దరూ తాము తప్పు చేశామని ఒక పూటలో ఒప్పుకున్నారు. ఇంత పెద్ద మనసు మగవాళ్ళకు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

“మరి ఐతారం?” అంది రత్నమాల మంచం మీంచి.

“గురువారం, శుక్రవారం ఖాళీ గడులు” అన్నాడు సార్. “శనివారం నాలుగు కూతలు, అంతే. ఆదివారం ఉదయం నీ కాళ్ళు చూసే పేరు ఇస్తాను. వణికితే ఇవ్వను. ఇందులో మొహమాటం లేదమ్మాయ్.”

*

ఖాళీ గడి కాపలా నాది. రెండు రోజులు పిల్లను ఊరికే ఉంచడం కంటే పన్నెండు బర్రెలను కాయడం సులువు.

గురువారం పండుకుంది. శుక్రవారం పొద్దున్నే మంచం ఖాళీగా ఉంది. బావిలో పడిందేమో అనుకొని ముందు బావి చూశాను. తర్వాత గడ్డివాము వెనక నుంచి ఊపిరి చప్పుడు వినిపించింది. అక్కడ చెవులు పట్టుకొని బైఠకులు తీస్తోంది.

“నిన్ను... ఏం జెయ్యాలెనే నేను?”

“యాభయ్యే అవ్వా! ఊకె పండుకుంటె నా బలమంత పోతది. మిగిలినోళ్ళు ఈ పాటికి ఎంత జేస్తుండ్రో ఏమో!”

“ఎడ్లకు కండ నడుస్తుంటె పట్టదు, పండుకున్నప్పుడే పడ్తది. నడు లోపటికి.”

కదలలేదు. చెమట ముఖం ఎర్రబడింది. “నువ్వు భయపడి అబద్ధం చెప్పినవ్. ఇప్పుడు భయపడి పండుకోమంటున్నవ్. నీకు తెల్సింది భయం ఒక్కటే గద!”

ఆ మాట చెంప మీద కొట్టినట్టే తగిలింది. చెయ్యి లేచింది కూడా. కానీ దించుకున్నాను. అది అన్నది నిజమే కదా.

“ఔ బిడ్డా. నాకు తెల్సింది అదొక్కటే” అన్నాను. “అందుకే చెప్తున్న. మీ నాయినకు నీ బలం కనవడ్తది, సారుకు నీ దమ్ము కనవడ్తది. నువ్వు ఎప్పుడు కూలవడ్తవో, అది నాకే కనవడ్తది. పదిహేను దినాల సంది కనవడ్తనే ఉన్నది. నోరు తెరవలే. అదే నా తప్పు. ఇయాల తెరిచిన. నడు.”

అది కాళ్ళ మన్ను దులుపుకొని వచ్చి పండుకుంది. మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. జొన్నరొట్టెలు మాత్రం ఆరు తిన్నది.

*

ఆదివారం పొద్దున బండి ఎక్కే ముందు రామబ్రహ్మం సార్ మా అరుగు దగ్గరే నిలబడ్డాడు. రత్నమాల మెట్లు దిగింది. ముందుకు తిరిగి. మెట్టు మీద గువ్వ వాలినంత చప్పుడు కూడా కాలేదు.

సార్ చొక్కా జేబులోంచి కాగితం తీసి, ఏడో పేరు రాశాడు.

మియాపూర్ మైదానంలో అటు పక్కవాళ్ళు మా పిల్లలకంటే పొడుగ్గా ఉన్నారు. కాళ్ళు ఇరుగుతాయేమో, పండ్లు రాలుతాయేమో అని నేను ఎప్పటిలాగే కొంగు కళ్ళ మీదకు లాగాను. ఇన్ని నెలల్లో ఒక్క కూత కూడా నేను పూర్తిగా చూసింది లేదు.

“కొంగు తియ్యి” అన్నాడు మా ఆయన. “నువ్వు గీసిన గడులే గద, చూడు.”

చూశాను.

నా బిడ్డ గీత దాటింది. కూత సన్నగా మొదలై, తెగని దారంలా సాగింది. ఎడమకు వంగి ఒకతెను ముట్టింది. తిరిగేలోపు ఒకతె మడమ పట్టింది. ఇంకొకతె నడుము పట్టింది. మూడోది భుజాల మీద పడింది. ముగ్గురి బరువూ నా బిడ్డ తొడల మీద. అవి నాగలి తొడలు. ఒక్క అడుగు వేసింది. దుక్కిలో ఎద్దు లాగినట్టు ఇంకో అడుగు వేసింది. ఇంత లాగినా కూత తెగలేదు. అది మోట దమ్ము. ఏ పూటది ఏదో నేను వేలు పెట్టి చూపించగలను. పక్కన మా ఆయన ఊపిరి బిగబట్టాడు, నేనూ బిగబట్టాను. మా ఇద్దరి దమ్మూ అయిపోయింది, దానిది మాత్రం అయిపోలేదు.

వేలి కొన గీతను తాకింది.

మా ఆయన లేచి ఏం అరిచాడో ఆయనకే తెలియదు. రామబ్రహ్మం సార్ చేతిలోని గడియారం ఆపడం మరిచిపోయి, అది ఇంకా తిరుగుతుంటే దాన్నే చూస్తూ నవ్వుతున్నాడు.

ఎండ వాలాక జిల్లా జట్టు పేర్లు చదివారు. మూడో పేరు రత్నమాల. పద్మావతి దాన్ని ఎత్తుకోబోయి ఇద్దరూ కింద పడ్డారు. నాకు ఏడుపు వచ్చింది, నవ్వు వచ్చింది, ఎవరి కన్ను తగులుతుందో అని భయమూ వచ్చింది.

అప్పుడు సార్ మా బండి దగ్గరికి వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు.

“వీరేశం గారూ, ఒక చిక్కుందండీ. ఎల్లుండి నుంచి ఓరుగల్లులో ఇరవై ఒక్క రోజుల క్యాంపు. అక్కడ నేర్పేది నేను కాదు, వేరే పెద్దాయన. రెండు పూటలా అన్నీ చేయిస్తారు. ఉదయం బరువులు, సాయంత్రం పరుగు, రోజూ. తట్టుకున్నదే ఆడుతుంది అంటారు.”

“నువ్వు పోయి ఆయనకు చెప్పు సారూ.”

“నన్ను లోపలికి రానివ్వరండీ. ఆడపిల్లల క్యాంపు. జట్టుతో ఒక ఆడమనిషి తోడు వెళ్ళాలి, అది మాత్రం రూలు. రావలసిన టీచరమ్మకి జ్వరం.” సార్ ఒక్క క్షణం ఆగాడు. “మీరు గడులు గీసిన ఆ గోడని బస్సులో ఎక్కించలేం కదమ్మా.”

ఆయన నన్ను చూశాడు. మా ఆయన నన్ను చూశాడు. మట్టి కొట్టుకున్న ముఖాలతో ఏడుగురు పిల్లలూ బండి చుట్టూ చేరి నన్నే చూశారు.

నాంపల్లి దాటి నేనెన్నడూ పోలేదు. భర్త ముందు నిజం చెప్పడానికే నాకు అయిదు నెలలు పట్టింది. ఊరు కాని ఊళ్ళో, పేరు తెలియని పెద్దాయన ముందు నిలబడి, ఇయాల ఖాళీ గడి సారూ, పిల్లలను ఇడిసిపెట్టుండ్రి అని చెప్పాలి. ఆయన కళ్ళెర్రజేస్తే? పిల్లల పేర్లే కొట్టేస్తే?

రత్నమాల బండి చక్రం మీద చెయ్యి వేసి, కొంచెం ముందుకు వంగి నా ముఖంలోకి చూసింది.

“అక్కడ గూడ అబద్ధం చెప్తవా అవ్వా?”

నవ్వుతూ అన్నదో, నిజంగానే అడిగిందో నాకు తెలియలేదు. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు.